కళ్ళు నెత్తికెక్కిన మాస్టారు



ఈ నెల మా సొంత తప్పు ఒకటి మీ ముందు పెట్టి మాట్లాడదలచాము. ఇతరుల తప్పులమీద వ్రాయడం తేలిక. మా తప్పు వ్రాయడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

మాకు బాగా తెలిసిన ఒక పల్లెటూరి సంఘములో ఒక మాస్టారు ఉన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. ఊళ్ళో సగంమందికి అ ఆ లు దిద్దబెట్టింది ఆయనే. ఆదివారం వాక్యపఠనానికి ఆయన లేచి నిలబడితే పిల్లలు సయితం సద్దుమణిగేవారు. చిన్న అక్షరాల పాత బైబిలును కళ్ళజోడు పెట్టుకొని తడబడకుండా చదివేవారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందుకు పనికి వస్తుంది.

కొన్నేళ్ళ క్రితం ఆ సంఘములో కమిటీ ఎన్నికలు జరిగాయి. మాస్టారు కోశాధికారి పదవికి నిలబడి ఓడిపోయారు. గొడవేమీ జరగలేదు. కాని కొద్ది నెలలకు ఆయన తీరు మారిందని మాట పుట్టింది. ఆరాధన ముగిసి అందరూ గుడి బయట చెప్పులు వెదుక్కొంటూ ఒక్కసారిగా మాట్లాడుకొనే వేళ, ఎవరైనా పక్కన నిలబడి చేతులు జోడిస్తే ఆయన చూచీ చూడనట్లు వెళ్ళిపోయేవారు. కానుకల సంచి ఎడమవైపు నుండి వరుసలో వచ్చినప్పుడు అందుకొనేవారు కాదు. సంచి తెచ్చిన కుర్రవాడు రెండు క్షణాలు నిలబడి, మొగం చిన్నబుచ్చుకొని తరువాతి మనిషి దగ్గరకు జరిగేవాడు. కోతపండుగనాడు ఒక ఇల్లాలు తెచ్చిపెట్టిన గుమ్మడికాయల బుట్టను కాలితో తన్నారు. కాయలు దొర్లిపోయాయి. ఆయన ఒక్క మాట అనకుండా చరచర ఇంటికి వెళ్ళిపోయారు.

“కళ్ళు నెత్తికెక్కినాయమ్మా ఆయనకు!” అని ఆ రోజున స్త్రీల చాపలమీద ఎవరో అన్నారు. ఇక ఆ మాటే ఆయనకు పేరయింది.

మేమూ అట్లాగే అనుకొన్నాము. అనుకోవడమే కాదు. క్రిస్మస్ ఆరాధనలో పాఠాలు ఎవరు చదవాలన్న మాట వచ్చినప్పుడు, “ఆయనను పిలిచి లేదనిపించుకోవడం ఎందుకు?” అన్నది మేమే. అంతకుముందు ఆ ఊరు వెళ్ళినప్పుడెల్లా వారింట కాఫీ తాగి వచ్చే అలవాటు ఉండేది. అది కూడ మానుకొన్నాము. ఇట్లా రెండేళ్ళు గడిచాయి.

ఒక సంక్రాంతి సెలవులకు పట్నంలో ఉద్యోగం చేస్తున్న వారి కూతురు వచ్చింది. తండ్రి ఎడమచేతివైపు పెట్టిన మంచినీళ్ళ గ్లాసును రెండుసార్లు తన్నుకొని పడవేశాడు. అరుగు దిగేటప్పుడు మెట్టుకోసం కాలితో తడుముకొన్నాడు. ఆ అమ్మాయి ఇంకేమీ ఆలోచించలేదు, మరునాడే కళ్ళ ఆసుపత్రికి తీసుకొని వెళ్ళింది. పరీక్షలు చేసి గ్లాకోమా అన్నారు. మన పెద్దలు నీటికాసులు అనే జబ్బు. రెండు కళ్ళకూ ఉంది. ఎడమకంటి చూపు దాదాపు పోయింది. కుడికన్ను మాత్రం గొట్టంలో నుండి చూచినట్లు మధ్యలో ఉన్నది చూడగలదు, పక్కలకు ఏమీ లేదు.

చదివే అక్షరం చూపుకు నడిమధ్యన ఉంటుంది గదా. అందుకే బైబిలు చదవగలిగారు. పక్కన నిలబడి చేతులు జోడించిన మనిషి, ఎడమవైపు నుండి వచ్చే సంచి, కాళ్ళ దగ్గర బుట్ట, ఇవి ఆయనకు లేనే లేవు. “అంత చిన్న అక్షరాలు కనిపించేవాడికి మనం కనిపించమా?” అని మేమందరమూ ఏ సంగతిని సాక్ష్యముగా తెచ్చుకొన్నామో, ఆ సంగతే జబ్బుకు గుర్తు.

ఈ జబ్బు గురించి రెండు మాటలు చెప్పి ముందుకు పోతాము. ఎక్కువమందిలో దీనికి నొప్పి ఉండదు. పక్క చూపు కొద్దికొద్దిగా తగ్గుతుంది గనుక రోగికే తెలియదు. మాస్టారు వయసు మీదపడిందనుకొన్నారు, అంతే. శుక్లాలకయితే ఆపరేషను చేస్తే చూపు తిరిగి వస్తుంది. గ్లాకోమాలో పోయినది తిరిగి రాదు. చుక్కల మందుతోనో, లేజరుతోనో, ఆపరేషనుతోనో మిగిలినదాన్ని కాపాడుకోవడమే. కనుక పొర ముదరనిమ్మని కూర్చోకూడదు. నలభై దాటినవారు, ముఖ్యంగా తల్లిదండ్రులలోగాని తోబుట్టువులలోగాని ఎవరికైనా ఈ జబ్బు ఉన్నవారు, కంటి లోపలి ఒత్తిడిని, కంటి నరాన్ని పరీక్ష చేయించుకోవాలి.

ముందే వచ్చి ఉంటే ఆ ఎడమకంటిలో ఎంతో కొంత మిగిలేదని డాక్టరు చెప్పారట. ఆ రెండేళ్ళూ ఆయన ప్రతి ఆదివారము మా అందరి కళ్ళ ఎదుట బుట్టలు తన్నుకొంటూ తిరిగారు.

సంగతి తెలిసి మేము పరామర్శకు వెళ్ళాము. మాస్టారు మామూలుగానే మాట్లాడారు. ఆయన భార్య కాఫీ గ్లాసు చేతికిస్తూ, “అన్నయ్యగారూ, మీరు కూడ అట్లాగే అనుకొన్నారా?” అని అడిగింది. కోతపండుగనాడు ఆయన ఇంటికి వచ్చి అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకొన్నారని, ఎందుకని అడిగితే “నలుగురిలో నగుబాటయింది” అన్నారని చెప్పింది. మేము ఏ జవాబూ చెప్పలేకపోయాము.

అప్పటినుండి మమ్మల్ని ఒక ప్రశ్న వదలలేదు. ఒక మనిషిని చూచి మనము ఇంత తొందరగా, ఇంత నిబ్బరంగా ఎట్లా తీర్పు కట్టేస్తాము? అందులో చెడ్డవారెవరూ లేరు. సంచి పట్టుకొన్న కుర్రవాడు మంచివాడు. గుమ్మడికాయల ఇల్లాలు ఇంటికి వచ్చినవారికి అన్నం పెట్టనిదే పంపదు. దీనిమీద పండితులు ఏమి చెప్పారో దొరికినంతవరకు చదివాము.

1944లో అమెరికాలోని స్మిత్ కాలేజీలో ఫ్రిట్జ్ హైడర్, మేరియాన్ సిమ్మెల్ అనే ఇద్దరు ఒక చిన్న బొమ్మల సినిమా తయారుచేశారు. అందులో మనుషులు లేరు. ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక వృత్తం, తలుపు ఉన్న ఒక పెట్టెవంటి గీత. ఆ ఆకారాలు అటూ ఇటూ కదులుతాయి, అంతే. దానిని 34 మంది విద్యార్థినులకు చూపించి, ఏమి చూచారో వ్రాయమన్నారు. ఒక్కరు తప్ప అందరూ వాటిని ప్రాణులుగానే వ్రాశారు. పెద్ద త్రిభుజం దౌర్జన్యపరుడు, వృత్తం భయపడిపోయింది, చిన్నది దానిని కాపాడింది అని కథలు కట్టారు. కాగితం ముక్కలకే గుణము, కోపము, ఉద్దేశము అంటగట్టే మనసు, నడిచి వెళ్ళే మాస్టారును వదులుతుందా? కదలిక కనిపించగానే దాని వెనుక ఒక ఉద్దేశాన్ని చూడడం మన పుట్టుకతోనే ఉన్నట్లుంది. దానిలో మేలు కూడ ఉంది. పసిబిడ్డ ఏడ్పు విని ఆకలో, నిద్రో తల్లి పోల్చుకొనేది ఇటువంటి నేర్పుతోనే.

రెండు సంవత్సరాల తరువాత, 1946లో, సాలమన్ ఆష్ అనే ఆయన మరొకటి చూపించాడు. ఒక మనిషి గుణాలు వరుసగా చదివి వినిపించాడు. తెలివిగలవాడు, నేర్పరి, కష్టపడేవాడు, పట్టుదల గలవాడు, వ్యవహారం తెలిసినవాడు, జాగ్రత్తపరుడు. ఈ వరుస మధ్యలో కొందరికి “ఆప్యాయత గలవాడు” అని, మరికొందరికి “ముభావి” అని ఒక్క మాట మార్చాడు. తరువాత ఈ మనిషి దానగుణం గలవాడా అని అడిగితే, మొదటివారిలో పదిమందికి తొమ్మిదిమంది అవునన్నారు. రెండవవారిలో పదిమందికి ఒక్కరు కూడ అనలేదు. మిగిలిన మాటలన్నీ అవే! ఆ ఒక్క మాట పడగానే తక్కినవాటి అర్థమే తిరిగిపోయింది. జాగ్రత్తపరుడు అన్నమాట ఒకచోట ఇల్లు దిద్దుకొనే మనిషికి గుర్తయితే, ఇంకొకచోట పిసినారికి గుర్తయింది.

మా మాస్టారి సంగతిలో జరిగినదీ అదే. “ఓడిపోయిన కోపం” అన్న మాట ముందు పడింది. ఆ తరువాత చూచినదంతా దానికింద చేరిపోయింది. సంచి అందుకోకపోతే కోపం. వందనం తీసుకోకపోతే కోపం. వేళకు వచ్చి ముందువరుసలో కూర్చుంటే అది కూడ, “చూడండి, నలుగురికీ కనిపించాలని” అన్నారు. పాపం, ఆయన ముందు కూర్చున్నది బల్ల కనిపించడానికి.

మనిషి చేసిన పనికి కారణం వెదికేటప్పుడు మనకు రెండు దారులుంటాయి. ఒకటి అతని గుణము. రెండవది అతడున్న పరిస్థితి. మొదటిది వెంటనే కళ్ళకు కనిపిస్తుంది, ఎందుకంటే మనిషి ఎదురుగా ఉన్నాడు. రెండవది కనిపించదు. అప్పు కనిపించదు, ఇంట్లో జబ్బు కనిపించదు, కంటినరం అసలే కనిపించదు. 1967లో జోన్స్, హారిస్ అనే ఇద్దరు అమెరికా విద్యార్థులకు క్యూబా నాయకుడు కాస్ట్రోను మెచ్చుకొంటూ ఉన్న వ్యాసాలను, విమర్శిస్తూ ఉన్న వ్యాసాలను ఇచ్చారు. ఏ పక్షం వ్రాయాలో మాస్టరే చెప్పాడు, వ్రాసినవాడికి వేరే దారి లేదు అని ముందుగా తెలియజెప్పినా కూడ, చదివినవారు వ్యాసంలో ఉన్నది వ్రాసినవాడి అభిప్రాయమేనన్నవైపు మొగ్గారు. (మన ఊళ్ళలో క్రిస్మస్ నాటకంలో హేరోదు వేషం వేసినవాడిని ఏడాది పొడుగునా “ఏరా హేరోదూ” అని పిలవడం లేదా? బాగా నటించాడంటే మరీ కష్టం, పిల్లనిచ్చేవారు కూడ ఒకసారి ఆలోచిస్తారు.) పరిస్థితిని చిన్నదిగా, గుణాన్ని పెద్దదిగా చూచే ఈ పొరపాటుకు లీ రాస్ అనే ఆయన 1977లో ‘మౌలికమైన’ పొరపాటు అనే అర్థం వచ్చేట్టు ఒక పేరు పెట్టాడు.

మనవంటి పాఠకులు తప్పక తెలుసుకోవలసిన పరిశోధన ఒకటి ఉంది. 1973లో డార్లీ, బాట్సన్ అనేవారు ప్రిన్స్‌టన్‌లోని వేదాంత కళాశాల విద్యార్థులతో చేశారు. పాస్టర్లు కాబోయేవారన్నమాట. ఒక్కొక్కరిని పిలిచి, పక్క భవనానికి వెళ్ళి ప్రసంగం చేయమన్నారు. సగంమందికి ఇచ్చిన అంశము మంచి సమరయుని ఉపమానమే! వెళ్ళే దారిలో ఒక మనిషి వాకిలి దగ్గర తల వాల్చుకొని, దగ్గుతూ మూలుగుతూ పడి ఉండేటట్లు ఏర్పాటు చేశారు. కొందరితో “ఇంకా వేళ ఉంది” అన్నారు, కొందరితో “వేళయింది” అన్నారు, కొందరితో “ఆలస్యమయింది, త్వరగా పొండి” అన్నారు. నిదానంగా వెళ్ళినవారిలో నూటికి 63 మంది ఏదో ఒక సహాయం చేశారు. మధ్యవారిలో 45. తొందరపెట్టినవారిలో 10. ఉపమానంమీద ప్రసంగించబోయేవారు కాస్త ఎక్కువగా ఆగినట్లు కనిపించినా ఆ తేడా లెక్కలో నిలిచేంత కాదన్నారు. సమరయుని గురించి చెప్పడానికి పోతూనే పడి ఉన్నవాడిని దాటుకొని పోయినవారున్నారు.

ఇది మేము ఒక ఆదివారం సాయంకాలం యౌవనస్థుల కూడికలో చెప్పాము. వెంటనే నలుగురైదుగురు ఒక్క గొంతుతో, “అంతా వేషధారులండీ!” అన్నారు. మేము నవ్వుకొన్నాము. ఆ లెక్క చెప్పేది దానికి ఎదురు గదా. ఆ విద్యార్థులందరూ ఒకే కాలేజీవారు, భక్తిలో పెద్ద తేడా లేనివారు. తేడా తెచ్చింది ఎవరో చెప్పిన “త్వరగా పొండి” అన్న మాట. పరిశోధన విన్న పిల్లలే ఆ పరిశోధన పట్టుకొన్న తప్పును మా ఎదుటే చేశారు. అయితే మొత్తం 40 మందితో చేసిన పరీక్ష ఇది. దానిమీద గోపురం కట్టరాదని కూడ అనుకొంటున్నాము.

ఇదంతా అమెరికావారి సంగతి, మన దేశంలో అట్లా కాదు అనే పాఠకులుంటారు. వారి మాటలో నిజముంది. జోన్ మిల్లర్ అనే ఆమె 1984లో ప్రకటించిన పరిశోధనలో మైసూరులోని హిందువులను, చికాగోలోని అమెరికావారిని పోల్చింది. ఎనిమిదేళ్ళ పిల్లలు రెండు దేశాలలోను ఇంచుమించు ఒకే విధంగా కారణాలు చెప్పారు. పెద్దవారయ్యేకొద్దీ అమెరికావారు “వాడి గుణం అది” అనడం ఎక్కువయింది. మనవారు “అతని పరిస్థితి అది, అతని బాధ్యత అది” అనడం ఎక్కువయింది. ఒక వకీలు మోటారుసైకిలు ప్రమాదంలో గాయపడిన తోటి ప్రయాణికుని ఆసుపత్రిలో దింపి, తాను కోర్టుకు వెళ్ళిపోయిన కథ అందులో ఉంది. అమెరికావారు బాధ్యత లేనివాడన్నారు. మనవారు కోర్టులో కక్షిదారు ఎదురుచూస్తుంటాడు గదా, వెళ్ళక ఏమి చేస్తాడు అన్న ధోరణిలో మాట్లాడారు. ఉమ్మడి ఇళ్ళలో, నలుగురి మధ్య పెరిగినవారికి మనిషి ఒంటరిగా నిర్ణయాలు చేయడని తెలుసు.

మరి ఇంత తెలిసిన మనము మాస్టారిని ఎందుకు తప్పుగా చదివాము? దానికి జవాబు మన దక్షిణాదిలోనే జరిగిన ఇంకొక పరిశోధనలో మాకు దొరికింది. 1974లో టేలర్, జగ్గి అనేవారు 30 మంది హిందూ గుమాస్తాలకు చిన్న చిన్న సంఘటనలు చెప్పారు. కొన్నింటిలో మంచి పని, కొన్నింటిలో చెడ్డ పని. చేసినవాడు ఒకసారి హిందువు, ఒకసారి ముస్లిము. తమవాడు మేలు చేస్తే అది అతని గుణమన్నారు, కీడు చేస్తే పరిస్థితి అన్నారు. అవతలివాని విషయంలో ఈ కొలత మారిపోయింది. ఇది చదివి హిందువులమీద వేలు చూపేవారెవరైనా ఉంటే, మన సంఘములో ఈ పేటవారు ఆ పేటవారి గురించి, ఈ మిషనువారు ఆ మిషనువారి గురించి మాట్లాడుకొనేది ఒక్కసారి చెవిపెట్టి వినమంటాము. మన మధ్య ఎక్కడెక్కడ గీతలున్నాయో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

ఎన్నికల తరువాత మాస్టారు గీతకు అవతలికి వెళ్ళిపోయారు. అంతవరకు ఆయన మనవాడు. మనవాడయితే “ఒంట్లో బాగాలేదేమో” అని ఉండేవారము. అవతలివాడు గనుక “కళ్ళు నెత్తికెక్కాయి” అన్నాము. నిజానికి “బాగాలేదేమో” అన్న ఆలోచన మా బుర్రలో లేకపోలేదు. ఆయన విషయంలో దానిని పైకి తీయలేదు.

ఈ రోజుల్లో ఇది మరీ ఎక్కువయింది. వాట్సాప్‌లో రెండు నీలం గీతలు పడి జవాబు రాకపోతే చాలు, “చూచి కూడ పలకలేదు” అని అక్కాచెల్లెళ్ళ మధ్య మాటలు లేకుండా పోతున్నాయి. ఆ ఫోను మనవడి చేతిలో ఉందేమో!

సమూయేలు మొదటి గ్రంథములోని హన్నా కథ అందరికీ తెలిసినదే. ఆమె పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. యాజకుడైన ఏలీ చూచి తాగి ఉందనుకొన్నాడు. యాజకుడికే అంత పొరపాటు వచ్చింది. ఏలీని ఈ ఒక్క విషయంలో చాలామంది ప్రసంగీకులు మందలిస్తారు. మేము మాత్రం ఈ మధ్య ఆయనను కొంచెము మెచ్చుకొంటున్నాము. తాననుకొన్నది తన కొడుకులతోనో, గుడి సేవకులతోనో చెప్పలేదు. ఆమెతోనే అన్నాడు, అది కూడ గట్టిగానే. అందువలన ఆమెకు జవాబు చెప్పుకొనే అవకాశం వచ్చింది. నేను తాగలేదు, దుఃఖంలో ఉన్నానని చెప్పింది. ఆయన వెంటనే మాట మార్చుకొని దీవించి పంపాడు. మా సంఘములో రెండేళ్ళపాటు మాస్టారి గర్వం గురించి అందరూ అందరితోను మాట్లాడారు, ఒక్క మాస్టారితో తప్ప. గుమ్మడికాయల ఇల్లాలు ఆ రోజే వెంటబడి “ఏమండీ మాస్టారూ, కనబడలేదా?” అని కోపంతోనైనా అడిగి ఉంటే, “అవునమ్మా, కనబడలేదు” అని ఆయన నోటివెంట వచ్చి ఉండేదేమో.

ఇప్పుడు ఆ సంఘములో కొన్ని మార్పులు వచ్చాయి. మాస్టారిని కుడికంటికి వీలుగా ఎడమవైపు చివర కూర్చోబెడుతున్నారు. సంచి తెచ్చే కుర్రవాడు ముందుగా ఆయన చేయి తాకుతాడు. వందనం చేసేవారు ఎదురుగా వచ్చి, తమ పేరు చెప్పి మరీ చేస్తారు. నెలకు ఒకసారి చుక్కల మందు పట్నంనుండి తెచ్చే పని యౌవనస్థులు వంతులవారీగా పెట్టుకొన్నారు. పోయిన క్రిస్మస్‌కు ఆయనే పాఠం చదివారు, కొంచెము నిదానంగా.

ఆయన భార్య మాత్రం స్త్రీల సమాజానికి ఇంకా రావడం లేదు. మనసు గాయపడిందని కొందరు, మొండితనమని కొందరు అంటున్నారు. మేము ఇంతవరకు ఆమెను అడగలేదు. వచ్చే ఆదివారం ఆ ఊరు వెళ్ళవలసిన పని ఉంది, కాఫీవేళకు వారింటికి వెళ్ళదలచాము.